యుద్ధం లెక్క తేలింది, బాకీ మాత్రం వసూలు కాలేదు

స్వాతంత్ర్య యుద్ధంలో అమెరికా రాష్ట్రాలు పెట్టిన ఖర్చు ఫెడరల్ ప్రభుత్వంతో ఎలా సెటిల్ అయింది, బాకీ తేలిన రాష్ట్రాలు కట్టాయా అని కదా మీ ప్రశ్న. లెక్క 1793 జూన్‌లో తేలింది. బాకీ పడ్డ ఆరు రాష్ట్రాల్లో ఒక్క న్యూయార్క్ మాత్రం కొంత తీర్చింది, అదీ నగదుగా కాదు.

నేను ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్ చూసి రిటైరైనవాణ్ణి, అందుకే ఈ కథలో అప్పటి ఆర్థిక మంత్రి హామిల్టన్ ఉపన్యాసాల కంటే వోచర్ల (ఖర్చుకు రుజువు కాగితాల) గొడవే నాకు ఎక్కువ నచ్చింది. తుపాను వస్తే ఏమవుతుందో మా శాఖల్లో పనిచేసినవాళ్లందరికీ తెలుసు. రాత్రికి రాత్రి దొరికిన ట్రాక్టర్లు మాట్లాడతారు, కిరాణా కొట్లలో ఉన్న బియ్యం, కొవ్వొత్తులు తెచ్చేస్తారు, చేతిలో మిగిలేవి తెల్లకాగితం చీటీలు. తర్వాత ఆడిట్ వచ్చి కొటేషన్ ఏది, శాంక్షన్ ఎక్కడ అని అబ్జెక్షన్ రాస్తుంది. ఖర్చు నిజమేనని రాసేవాడికీ తెలుసు, అయినా ఆ పేరా ఏళ్ల తరబడి అలా పడి ఉంటుంది. పైనుంచి ఎవరో ఒకరు ర్యాటిఫికేషన్ ఆర్డర్ (జరిగిపోయిన ఖర్చుకు తర్వాత ఇచ్చే ఆమోదం) ఇస్తేనే కదులుతుంది. నేను అలాంటి ఫైళ్లు చాలా మోశాను.

ఇప్పుడు అదే గొడవ 13 రాష్ట్రాలకు, ఎనిమిదేళ్ల యుద్ధానికి ఊహించుకోండి. మిలీషియాకు (రాష్ట్రాల స్థానిక దళాలకు) తిండి, గుర్రాలు, బట్టలు, తుపాకీమందు, చాలాచోట్ల రాష్ట్రాలే పెట్టాయి, కొన్నిటికి కాంగ్రెస్ (రాష్ట్రాల ఉమ్మడి సభ) ముందస్తు అనుమతే లేదు. 1779లో మసాచుసెట్స్ తనంతట తానే పెనాబ్‌స్కాట్‌లోని బ్రిటిష్ కోట మీదికి నౌకలు పంపి చిత్తుగా ఓడింది, మరి ఆ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలి? పైగా కాగితం డబ్బు విలువ ఎంత పడిపోయిందంటే, 1780లో కాంగ్రెసే 40 కాగితపు డాలర్లకు ఒక వెండి డాలర్ అని ఒప్పుకుంది. ఏ నెలలో పెట్టిన ఖర్చును ఏ రేటుకు మార్చాలన్నది ఇంకో తలనొప్పి. సవన్నా, చార్లెస్టన్ బ్రిటిష్‌వాళ్ల చేతికి పోయిన దక్షిణాది సంగతి సరే సరి, వోచర్లు అడిగితే ఎక్కడినుంచి తెస్తారు!

అసలు 1782 నుంచే కమిషనర్లను వేయాలని తీర్మానాలు చేశారు, పని మాత్రం సాగలేదు. రాజ్యాంగానికి ముందు రాష్ట్రాల మధ్య ఉన్న పాత ఒప్పందం ప్రకారం ఉమ్మడి ఖర్చును భూముల విలువను బట్టి పంచుకోవాలి, ఆ విలువ ఎవరూ కట్టనే లేదు. 1790లో ఈ పరిస్థితి మారింది. ఆగస్టు 4న రాష్ట్రాల అప్పుల్లో 2.15 కోట్ల డాలర్ల వరకు కేంద్రం తన నెత్తిన వేసుకుంది (ఏప్రిల్‌లో ఇదే ప్రతిపాదన ప్రతినిధుల సభలో రెండు ఓట్లతో ఓడింది, పోటోమాక్ నది ఒడ్డున రాజధాని అన్న బేరం కుదిరాక గట్టెక్కింది). ఆ మర్నాడే, ఆగస్టు 5న, లెక్కల సెటిల్‌మెంట్ చట్టం వచ్చింది. ముగ్గురు కమిషనర్లు, వాళ్ల మాటే ఆఖరు. వోచర్ సరిగా లేకపోయినా, ముందు అనుమతి లేకపోయినా, ఖర్చు అందరి మేలుకోసం పెట్టిందైతే న్యాయం చూసి ఒప్పుకోవచ్చని చట్టంలోనే రాశారు. నా దృష్టిలో మొత్తం పని నడిచింది ఈ ఒక్క క్లాజు వల్లే. ఆ కాలం వాళ్ల తెలివికి దణ్ణం పెట్టాలి, మాకెప్పుడూ అలాంటి క్లాజు దొరకలేదు.

లెక్క వేసిన పద్ధతి ఇది: ప్రతి రాష్ట్రం పెట్టిన ఖర్చులోంచి కాంగ్రెస్ ఇచ్చిన డబ్బు, కేంద్రం తీసుకున్న ఆ రాష్ట్రపు అప్పు తీసేస్తారు. మిగిలిన మొత్తాలన్నీ కలిపి 1790 జనాభా లెక్క ప్రకారం మళ్లీ పంచుతారు. తన వాటాకంటే ఎక్కువ పెట్టిన రాష్ట్రానికి రావాలి, తక్కువ పెట్టింది ఇవ్వాలి. 2014లో మన రాష్ట్రం విడిపోయినప్పుడు కూడా అప్పులకు చాలావరకు జనాభా నిష్పత్తే పెట్టారు, 58.32:41.68. అమెరికాలో మాత్రం బానిసలను ఒక్కొక్కరిని అయిదింట మూడు వంతుల మనిషిగా లెక్కించారు, ప్రతినిధుల సభ సీట్ల పంపకానికి వాడిన సూత్రమే ఇక్కడా.

ఫలితం చూస్తే ఏడు రాష్ట్రాలకు రావాల్సింది, ఆరు రాష్ట్రాలు ఇవ్వాల్సింది, రెండు వైపులా 35,17,584 డాలర్లు. మసాచుసెట్స్‌కు 12,48,801, సౌత్ కరోలినాకు 12,05,978 రావాలి, చెరో 40 లక్షల దాకా అప్పు కేంద్రం మోయడానికి ఒప్పుకున్నాక కూడా! న్యూయార్క్ 20,74,846 ఇవ్వాలి. మేమే ఎక్కువ నష్టపోయామని గోలపెట్టిన వర్జీనియా చివరికి 1,00,879 బాకీ తేలింది. అందరికన్నా ఘోరం డెలావేర్, 59 వేల జనాభాకు 6,12,428, అంటే తలకు పది డాలర్ల పైనే.

రావాల్సిన రాష్ట్రాలకు ఫెడరల్ బాండ్లు ఇచ్చేశారు, వాళ్లు సంతోషించారు. ఇవ్వాల్సినవాళ్లు తలెత్తలేదు, కేంద్రం కూడా గట్టిగా అడగలేదు. 1799లో కాంగ్రెస్ ఒక దారి చూపింది, బాకీ రాష్ట్రాలు తమ తీరంలో కోటలు కట్టుకుంటే ఆ ఖర్చు బాకీలో జమ చేస్తామని. న్యూయార్క్ రెండు లక్షల డాలర్ల పైచిలుకు అలా జమ వేయించుకుంది. మిగతా ఐదింటి బాకీ పుస్తకాల్లోనే ఉండిపోయింది.