కొనే ముందు తూకం వెయ్యి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

కజాన్‌లో మెడిసిన్ చదువుతూ పాత రష్యన్ నాణేల మీద నీకు మనసు పోవడం నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. అరుదైన నాణేల వెంట పడకు. ముందు 0.01 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొనుక్కో. నాణెం మీద రాసిన విలువ ఒకటి, అందులో ఉన్న లోహం ఇంకొకటి. ఈ రెండింటికీ తేడా ఎప్పుడు వచ్చింది, ఎందుకొచ్చింది అని చూసుకుంటూ వెళ్తే ఆ దేశపు డబ్బు చరిత్ర నీకే అర్థమవుతుంది.

1535లో, తర్వాత రష్యాకు జార్ (చక్రవర్తి) అయిన ఇవాన్ ద టెర్రిబుల్ ఇంకా పసివాడుగా ఉండగా, అతని తల్లి యెలేనా గ్లిన్స్కయా నాణేలన్నిటినీ ఒక పద్ధతికి తెచ్చింది. ఈటె పట్టుకున్న రౌతు బొమ్మతో కోపెక్ అనే చిన్న వెండి నాణెం అప్పుడే వచ్చింది. వెండి తీగను ముక్కలుగా కోసి, సుత్తితో కొట్టి ముద్ర వేసేవారు. పుచ్చగింజంత ఉంటుంది. మొదట్లో దాని బరువు దాదాపు 0.68 గ్రాములు. పీటర్ చక్రవర్తి 1698లో దాన్ని 0.28కి దించాడు. పేరు అదే, రౌతు బొమ్మ అదే, వెండి మాత్రం సగం కూడా లేదు. అరిగిన తీగ కోపెక్‌లు విద్యార్థి కొనగలిగే ధరకే దొరుకుతాయి. వేర్వేరు జార్‌లవి నాలుగు సంపాదించి నువ్వే తూచి చూడు.

1535కీ 1698కీ మధ్యలో జరిగిన ఘోరం తెలుసుకోవాలి. పోలండ్‌తో యుద్ధానికి డబ్బు చాలక, జార్ అలెక్సేయ్ 1655 నుంచి రాగి కోపెక్‌లు కొట్టించి, అవి వెండి వాటితో సమానమని ప్రకటించాడు. సైనికులకు జీతాలు రాగిలో ఇచ్చి, జనం దగ్గర పన్నులు మాత్రం వెండిలో వసూలు చేశారు. ధరలు మండిపోయి 1662లో మాస్కో జనం తిరగబడ్డారు. దాన్ని రక్తపాతంతో అణిచేశారు. మరుసటి ఏడాది రాగి కోపెక్‌నే రద్దు చెయ్యాల్సి వచ్చింది. అలాంటి రాగి కోపెక్ ఎంత అరిగినా సరే, అసలుదని తెలిసినవాళ్లు చెబితే తీసుకో. చక్రవర్తి బొమ్మ ఉన్న బంగారు నాణెం కన్నా నాకు అదే గొప్పది.

1704లో పీటర్ వెండి రూబుల్ తెచ్చి 100 కోపెక్‌లకు లెక్క కట్టాడు. మన రూపాయి 100 పైసలైంది 1957లో కదా! పీటర్ తొలి నాణేల మీద సంవత్సరం అంకెల్లో ఉండదు, అంకెలుగా వాడే పాత స్లావిక్ అక్షరాల్లో ఉంటుంది. ఆ అక్షరాల పట్టిక కంఠతా పట్టేయ్.

కొత్తవాళ్లకు నేను మొదట చెప్పేది కేథరిన్ రాణి కాలపు 5 కోపెక్‌ల రాగి నాణెం. సుమారు 51 గ్రాములు, అరచేతిలో పెడితే బరువు తెలుస్తుంది. ఆ లెక్కన వంద రూబుళ్ల రాగి 100 కిలోలు దాటుతుంది, బండి కట్టాల్సిందే. 1769లో కాగితపు నోట్లు రావడానికి ఇదీ ఒక కారణం. యెకాతెరిన్‌బుర్గ్ టంకశాలవి బాగా దొరుకుతాయి. 1828 నుంచి 1845 వరకు వేసిన ప్లాటినం నాణేలు మ్యూజియంలో చూడు చాలు.

చివరి జార్ నికొలాస్ II వెండి రూబుల్ దగ్గర మాత్రం జాగ్రత్త, నకిలీలు చాలా ఎక్కువ. అసలుది 20 గ్రాములు, అందులో 18 గ్రాములు శుద్ధ వెండి. అంచు చుట్టూ వెండి బరువు రాసి ఉంటుంది. ఆ అంచు చూడనివ్వని వాడి దగ్గర కొనకు. 1924 సోవియట్ రూబుల్ కూడా సరిగ్గా అంతే బరువు, అంతే వెండి. రాజ్యం మారినా వెండి తూకం మార్చలేదు. అప్పటికే కాగితం నోట్ల మీద జనానికి నమ్మకం పోయింది మరి. అదే ఏడాది కమ్మరి బొమ్మతో వచ్చిన 50 కోపెక్‌ల నాణెం 10 గ్రాములు. నీ మొదటి వెండి నాణెం అదే కావాలని నా కోరిక.

సోవియట్ చిల్లర చవకని వదిలెయ్యకు. 1961 తర్వాతి 1, 2, 3, 5 కోపెక్‌లు వరసగా 1, 2, 3, 5 గ్రాములుంటాయి, నీ త్రాసు సరిగా ఉందో లేదో వాటితోనే చూసుకోవచ్చు. 1961లో పది పాత రూబుళ్లకు ఒక కొత్త రూబుల్ ఇచ్చినా, పాత 1, 2, 3 కోపెక్‌ల నాణేలను మాత్రం అదే విలువతో చెల్లనిచ్చారు. అవి దాచుకున్న వాళ్లకు ఒక్కసారిగా పదింతలైంది.

చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్ట్ ఏదీ నాణేనికి తగలనివ్వకు. తోమితే మెరుపు వస్తుంది, విలువ పోతుంది. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలోనూ పెట్టకు, వాటి వల్ల నాణేలకు ఆకుపచ్చటి జిగురు పడుతుంది.

సెలవులకు వచ్చేటప్పుడు వందేళ్లు దాటిన నాణేలు అనుమతి పత్రం లేకుండా సూట్‌కేసులో పెట్టకు. ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్‌లో పట్టుకుంటే వీసాకే ఇబ్బంది. ఆ కాగితానికి ఎక్కడ దరఖాస్తు పెట్టాలో కొనకముందే కనుక్కో, రసీదులన్నీ దాచి ఉంచు.

నీ పెదనాన్న