పాఠకుల ప్రశ్నలు: ఓడిన్‌ను, థార్‌ను ఇవాళ కొలిచేదెవరు?

ఉత్తర ఐరోపా పాత దేవతల్ని ఈ కాలంలో కొలుస్తున్న హీథెన్ మతం గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. ఒకే విషయం అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: ఓడిన్, థార్‌లను సినిమాల్లోనే చూశాం. వాళ్లను నిజంగా పూజించేవాళ్లు ఉన్నారా? అది వెయ్యేళ్లుగా చాటుమాటుగా సాగుతూ వచ్చిన మతమా, ఈమధ్య మళ్లీ మొదలైనదా?

ఉన్నారు. అయితే తెగకుండా వచ్చిన సంప్రదాయం కాదు. "మా వంశంలో రహస్యంగా కాపాడుకుంటూ వచ్చాం" అని ఎవరైనా చెబితే నమ్మాల్సిన పనిలేదు. ఐస్‌లాండ్ క్రీ.శ. 1000 ప్రాంతంలో తన చట్టసభ ఆల్థింగ్‌లోనే క్రైస్తవంలోకి మారింది. తీర్పు చెప్పాల్సిన థోర్గైర్ తానే పాత మతస్థుడు. ఒక పగలూ ఒక రాత్రీ దుప్పటి ముసుగు పెట్టి పడుకుని, లేచి, అందరూ బాప్తిస్మం తీసుకోవాలన్నాడు. చాటుగా ఇచ్చుకునే బలులకు, గుర్రపు మాంసం తినడానికి మాత్రం అడ్డు చెప్పలేదు. కొన్నేళ్లకు ఆ వెసులుబాటూ పోయింది.

ఇప్పుడున్నది పునరుద్ధరణ. ఐస్‌లాండ్‌లో 1972 ఏప్రిల్ 20న, అక్కడి పంచాంగం ప్రకారం వేసవి తొలి రోజున, స్వెయిన్‌బ్యోర్న్ బెయిన్‌టెయిన్‌సన్ అనే రైతు కవి మరికొందరితో కలిసి ఆసత్రు సంఘం పెట్టాడు. ప్రభుత్వ గుర్తింపు అడగడానికి వెళితే మంత్రి తమాషా అనుకున్నాడట. వీళ్లు బయటికొచ్చిన కాసేపటికి పిడుగు పడి రాజధానిలో కరెంటు పోయిందని చెప్పుకుంటారు. పిడుగు సంగతెలా ఉన్నా, 1973లో గుర్తింపు వచ్చింది. నాలుగు లక్షల జనాభా కూడా లేని దేశంలో ఇవాళ ఆ సంఘంలో ఐదు వేల మందికి పైగా ఉన్నారు. దాని పెద్ద చేయించిన పెళ్లి చట్టరీత్యా చెల్లుతుంది. పదహారేళ్లు దాటిన ఒక్కో సభ్యుడి లెక్కన, మిగతా మతసంఘాలకు ఇచ్చినట్టే దీనికీ ప్రభుత్వం సొమ్ము ఇస్తుంది.

ప్రశ్న: హీథెన్, ఆసత్రు, ఫోర్న్ సెడ్, ఓడినిజం, థియోడిజం... ఇన్ని పేర్లేమిటి? అన్నీ ఒకటేనా?

గొడుగులాంటి పేరు హీథెన్. దాని కింద ఏ శాఖను చూసినా రెండు సంగతులు కనుక్కుంటే చాలావరకు తెలిసిపోతుంది. ఒకటి, పాత ఆధారాలకు ఎంత కట్టుబడతారు? రెండు, ఎవరిని చేర్చుకుంటారు? పేరును బట్టి ఈ రెండూ తేలవు. ఒకే పేరు పెట్టుకున్న రెండు సంఘాలు రెండో ప్రశ్న దగ్గర ఒకరి ముఖం ఒకరు చూడకపోవచ్చు.

ఆసత్రు అంటే ఏసిర్ దేవతల (ఓడిన్, థార్ ఉన్న కుటుంబం) మీద నమ్మకం. మాట పాతదిగా వినిపించినా 19వ శతాబ్దంలో పుట్టినదే. పాతకాలపు వాళ్లు తమ మతానికి పేరు పెట్టుకోలేదు, ఆచారం అనేవారు అంతే. అందుకే స్కాండినేవియాలో చాలామందికి ఫోర్న్ సెడ్, అంటే పాత ఆచారం, అన్న మాటే ఇష్టం. స్వీడన్‌లో 1994లో ఆసత్రు పేరుతో మొదలైన సంఘం 2010లో ఫోర్న్ సెడ్‌గా పేరు మార్చుకుంది. డెన్మార్క్‌లో ఫోర్న్ సిదర్ 1997లో మొదలై 2003లో గుర్తింపు పొందింది. ఈ పంథావాళ్లు పాత దేవతల కథలున్న ఎడ్డా కావ్యాల దగ్గరే ఆగిపోరు, తర్వాతి కాలపు పల్లె అలవాట్లనూ కలుపుకుంటారు. యూల్ అనే చలికాలపు పండగ రాత్రి ఇంటిని కాచే నిస్సె కోసం గిన్నెడు జావ, పైన వెన్న ముద్ద వేసి బయట పెట్టడం అలాంటిదే. వెన్న మరిచిపోతే నిస్సెకు కోపం వస్తుందని జానపద కథల్లో ఉంది.

థియోడిజం 1976లో అమెరికాలో గార్మన్ లార్డ్ మొదలుపెట్టినది. మొదట ఆంగ్లో-శాక్సన్ (పాత ఇంగ్లండ్ జనాల) పద్ధతి. ఓడిన్ అక్కడ వోడెన్, థార్ అక్కడ థునోర్. సమాజాన్ని కూడా పాత తెగలా నడపాలంటారు. ప్రభువు, అతనికి ప్రమాణం చేసిన అనుచరులు, మెట్లు మెట్లుగా హోదాలు. క్రమశిక్షణ నచ్చేవాళ్లకు సరే, మిగతావాళ్లకు ఊపిరాడదు. ఆ హోదాలు వద్దనుకుని ఆంగ్లో-శాక్సన్ దేవతల్ని మాత్రం కొలిచేవాళ్లది ఫిర్న్‌సిదు. పెన్సిల్వేనియాలోని జర్మన్ మూలాల జానపదం మీద నిలిచినది ఊర్‌గ్లావె. వానత్రు అంటే న్యోర్డ్, ఫ్రైర్, ఫ్రెయా ఉన్న వానిర్ కుటుంబానికి పెద్దపీట వేయడం. అది విడి మతం కాదు, మొగ్గు మాత్రమే.

ప్రశ్న: ఈ మతంలో చేరాలంటే ఐరోపా రక్తం ఉండాలని విన్నాం. నిజమేనా?

కొందరు అలాగే అంటారు. వాళ్లను ఫోకిష్ వర్గం అంటారు. ఆస్ట్రేలియాలో 1930ల్లో రడ్ మిల్స్, ఉత్తర అమెరికాలో 1969 నుంచి ఎల్స్ క్రిస్టెన్‌సెన్ నడిపిన ఓడినిజం ఈ దారిదే. అమెరికాలో స్టీఫెన్ మెక్‌నాలెన్ 1994లో పెట్టిన ఆసత్రు ఫోక్ అసెంబ్లీ కూడా అంతే. దీనికి ఎదురుగా, 1987లో మొదలైన ట్రోత్ లాంటి సంఘాలు జాతి, లింగం చూడకుండా ఎవరినైనా చేర్చుకుంటాయి. 2016లో ఫోక్ అసెంబ్లీతో తెగతెంపులు చేసుకుంటూ నూటికి పైగా సంఘాలు ఒక ప్రకటన మీద సంతకం చేశాయి. దాని పేరు డిక్లరేషన్ 127. హావమాల్ అనే పాత కావ్యంలో 127వ పద్యం, చెడు కనిపిస్తే చెడు అని చెప్పు, శత్రువుకు శాంతి ఇవ్వకు అంటుంది. పేరు అందులోంచి వచ్చింది.

మా అభిప్రాయం అడిగితే, రక్తం వాదనకు పాత కథల్లోనే బలం లేదు. థార్ తల్లి యోర్ద్ రాక్షస కులపుది, ఓడిన్ తల్లి బెస్ట్లా కూడా అంతే. సంఘంలో చేరబోయే ముందు "మా పూర్వీకులు", "మా జనం" అన్న మాటల్లో ఆ "మా" ఎవరో సూటిగా అడగండి. తడబడ్డారంటే జవాబు దొరికినట్టే.

ప్రశ్న: బ్లోట్ అంటే జంతుబలేనా? ఇంట్లో ఒంటరిగా చేయవచ్చా? ఏమేం కావాలి?

బ్లోట్ అంటే దేవతలకు కానుక ఇచ్చే క్రతువు. పాతకాలంలో అది బలే. 1230 ప్రాంతంలో ఐస్‌లాండ్ రచయిత స్నోరి రాసిన నార్వే రాజుల చరిత్రలో వర్ణన ఉంది. కోసిన జంతువుల రక్తాన్ని గిన్నెల్లో పట్టి, కొమ్మలతో గోడల మీదా మనుషుల మీదా చిలకరించేవారు, మాంసం ఉడికించి అందరూ తినేవారు. అయితే స్నోరి క్రైస్తవుడు, పైగా చెబుతున్నది దాదాపు మూడు వందల ఏళ్ల కిందటి మాట. ప్రతి వివరాన్నీ కళ్లు మూసుకుని ఒప్పుకోలేం. ఇవాళ దాదాపు అందరూ రక్తానికి బదులు పానీయం వాడతారు. ఐస్‌లాండ్ సంఘం జంతుబలి చేయదు.

ఒంటరిగా చేసేదానికి అరలీటరు పట్టే గిన్నె, ఒక చిన్న కొమ్మ, ఒక గ్లాసు పానీయం చాలు. మీడ్ అనే తేనె మద్యమే కావాలని లేదు, బీరో, ఆపిల్ రసమో సరిపోతుంది. కొమ్మ సూదుల్లాంటి ఆకులున్న చెట్టుదైతే మేలు, చుక్కలు నిలుస్తాయి. బోడి పుల్లతో చిలకరిస్తే ఏమీ పడదు.

ముందు ఎందుకు చేస్తున్నారో రెండు వాక్యాల్లో పైకి చెప్పండి. తర్వాత దేవతను పేరుతో, బిరుదులతో పిలవండి. థార్‌ను మిడ్‌గార్డ్ (మనుషుల లోకం) రక్షకుడని, యోర్ద్ కొడుకని పిలవడం పాత కవుల పద్ధతి. గ్లాసు పైకెత్తి, ఇస్తున్నదేమిటో చెప్పి, ఒక గుక్క తాగి, మిగతాది గిన్నెలో పోయండి. కొమ్మ ముంచి చుట్టూ, మీ మీద చిలకరించుకోండి. చివర గిన్నెలోది చెట్టు మొదట్లో నేలకు ధార పోయండి. మొత్తం పావుగంట. గుంపుగా చేస్తే ఆ తర్వాత కలిసి భోంచేయడం కూడా క్రతువులో భాగమే. తినకుండా వెళ్లిపోతే సగమే అయినట్టు.

ఎక్కువమంది చేసే తప్పు, మొదటిరోజే పెద్ద కోరికల జాబితా చదవడం. కానుకకు కానుక అన్నది ఈ మతానికి పునాది. అతిగా బలివ్వడం కన్నా అడగకపోవడమే మేలు, కానుక ఎప్పుడూ బదులు చూస్తుందని హావమాల్ హెచ్చరిస్తుంది. చిన్నగా, తరచుగా ఇవ్వండి. ఇంకో సంగతి: ఆరుబయట తేనె పెట్టకండి. వేరే చోటి పట్టు తేనెలో తేనెటీగల పిల్లల్ని చంపే రోగక్రిములు ఉండొచ్చు, చుట్టుపక్కల పట్టులకు అంటుకుంటాయి. ఉప్పు వేసిన తిండి చెట్టు వేళ్లకు చేటు.

ప్రశ్న: సుంబెల్‌లో కొమ్ము పాత్రతో తాగుతుంటే ముఖం మీద పడింది. అందరూ నవ్వారు. తప్పెక్కడ?

కొమ్ము కొన పైకి ఉంచి ఎత్తి ఉంటారు. పానీయం తగ్గేకొద్దీ గాలి ఒక్కసారిగా కొనలోకి దూరి, అక్కడున్నది ముందుకు తోస్తుంది. కొన పక్కకో కిందికో తిప్పి, మెల్లగా వంచుతూ తాగాలి. సగానికి మించి నింపకూడదు. వేడి పానీయం పోస్తే కొమ్ము మెత్తబడి వంకర పోతుంది, పాలు పోస్తే వాసన పట్టేస్తుంది. గోరువెచ్చని నీళ్లతో కడిగి తలకిందులుగా ఆరబెట్టండి.

సుంబెల్ అంటే వరసగా కూర్చుని పానపాత్ర చేతులు మారుస్తూ మాట్లాడటం. మొదటి చుట్టు దేవతలకు, రెండోది పూర్వీకులకు, మూడోది సొంత మాటకు: సాధించినదో, చేయబోయే ప్రతిజ్ఞో. మూడు చుట్లు ఇప్పటివాళ్లు స్థిరపరచుకున్న లెక్క. పదిమంది నిమిషం చొప్పున మాట్లాడితే అరగంట. ఇరవై ఐదుగురు రెండేసి నిమిషాలు తీసుకుంటే రెండున్నర గంటలు, ఆలోపు సగంమంది తూగుతుంటారు. ప్రతిజ్ఞ విషయంలో జాగ్రత్త. కొమ్ము మీద ఇచ్చిన మాట తప్పితే విన్న అందరి అదృష్టానికీ దెబ్బ అని నమ్మకం. అందుకే థియోడిజంలో థూలె అనే పదవి ఉంది. "ఎలా చేస్తావు, ఎప్పటికి, తప్పితే ఏమిస్తావు" అని అక్కడికక్కడే నిలదీయడం అతని పని.

ప్రశ్న: చనిపోయాక అందరూ వల్హల్లాకే వెళతారా?

కాదు. వల్హల్లా ఓడిన్ కొలువు. యుద్ధంలో పడినవాళ్లలో సగం ఫ్రెయాకు, సగం ఓడిన్‌కు అని గ్రిమ్నిస్మాల్ కావ్యం చెబుతుంది. మామూలు చావు చచ్చినవాళ్లు మృతుల దేవత హెల్ దగ్గరికి. ఆ లోకం నరకం కాదు. అందరికీ ఇష్టుడైన ఓడిన్ కొడుకు బాల్డర్ వెళ్లిందీ అక్కడికే.

ప్రశ్న: రూనులతో జోస్యం చెప్పే పెట్టె కొన్నాం. 25 బిళ్లలున్నాయి, ఒకటి ఖాళీ. దాని అర్థమేమిటి?

అర్థం లేదు, పక్కన పెట్టేయండి. ఖాళీ బిళ్ల 1980లలో వచ్చిన కొత్త పోకడ. రూనులు ఉత్తర ఐరోపా పాత లిపి, వాటి అక్షరమాలే ఫుథార్క్. పాత ఫుథార్క్‌లో అక్షరాలు 24, వైకింగుల కాలపు చిన్న ఫుథార్క్‌లో 16. ఎక్కడైనా 18 కనబడితే అది ఆస్ట్రియా మార్మికుడు గీడో ఫాన్ లిస్ట్ 20వ శతాబ్దం మొదట్లో కల్పించినది. క్రీ.శ. 98లో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ జర్మన్ తెగల గురించి రాసిన పద్ధతి చాలా సాదా: కాయలు కాసే చెట్టు కొమ్మను ముక్కలు చేసి, గుర్తులు పెట్టి, తెల్లగుడ్డ మీద వెదజల్లి, మూడు ఏరేవారు. ఆ గుర్తులు రూనులేనా అన్నది అతను చెప్పలేదు. ఒథలా అనే రూను అక్షరం కాళ్ల చివర రెక్కల్లా మడిచిన రూపం వేసుకోకండి. అది నాజీ దళం ఒకటి వాడిన గుర్తు.

ప్రశ్న: మెడలో వేసుకునే థార్ సుత్తి నిజంగా సుత్తేనా? బొమ్మను చూస్తే గొడ్డలిలానూ, తలకిందులైన శిలువలానూ ఉంటుంది.

ఈ అనుమానం పరిశోధకులకూ ఉండేది. 2014లో డెన్మార్క్‌లోని లోలాండ్ దీవిలో, కోబెలెవ్ దగ్గర, 10వ శతాబ్దపు చిన్న కంచు బిళ్ల దొరికింది. దాని మీద రూనుల్లో "ఇది సుత్తి" అని చెక్కి ఉంది. చెక్కినవాడు సుత్తి అన్న మాటలో ఒక అక్షరం ఎగరగొట్టాడు.