ఇంధనం అయిపోయిన వైట్ డ్వార్ఫ్ మళ్లీ ఎలా పేలుతుంది?

వైట్ డ్వార్ఫ్ అంటే చనిపోయిన నక్షత్రం మిగిల్చిన ముద్ద. అది ఒంటరిగా ఉంటే పేలదు. పక్కనున్న జంట నక్షత్రం నుంచి వాయువు లాక్కున్నప్పుడో, మరో వైట్ డ్వార్ఫ్‌తో కలిసిపోయినప్పుడో పేలుతుంది. సూర్యుడికి 8 రెట్లలోపు ద్రవ్యరాశి ఉన్న నక్షత్రం పై పొరలు వదిలేశాక మిగిలేది సాధారణంగా కార్బన్, ఆక్సిజన్ ముద్ద. సైజు భూమంతే, ద్రవ్యరాశి మాత్రం చాలావాటికి సూర్యుడిలో సగానికి పైనే. వాయువు చేరి చేరి అది సూర్యుడికి 1.4 రెట్లకు, అంటే వైట్ డ్వార్ఫ్ మోయగల గరిష్ఠ ద్రవ్యరాశి అయిన చంద్రశేఖర్ పరిమితికి దగ్గరపడితే లోపల కార్బన్ అంటుకుంటుంది. మామూలు నక్షత్రమైతే వేడెక్కగానే కాస్త ఉబ్బి చల్లబడుతుంది. దీని పీడనం వేడిని పెద్దగా పట్టించుకోదు, కాబట్టి ఉబ్బదు, మంట ఆగదు. క్షణాల్లో నక్షత్రం మొత్తం చెదిరిపోతుంది. ఇదే టైప్ 1ఏ సూపర్‌నోవా. 2011లో ఎం101 గెలాక్సీలో, సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో కనిపించిన ఎస్‌ఎన్ 2011ఎఫ్‌ఈ అలాంటిదే.

టి కరోనా బొరియాలిస్ అనే జంట నక్షత్రాల్లోని వైట్ డ్వార్ఫ్ మీద పేలుడు జరిగితే హైదరాబాద్ డాబాల మీంచి కూడా కనిపించవచ్చు. అయితే చాలామంది అనుకుంటున్నట్టు అది సూపర్‌నోవా కాదు, నోవా. పైన పేరుకున్న హైడ్రోజన్ పొరే పేలుతుంది, డ్వార్ఫ్‌కు ఏమీ కాదు. 1866లో, 1946లో పేలింది, ఇప్పటికీ అక్కడే ఉంది.