ఛాతీ ఎముక విరిగితే ఐసీయూ తప్పనిసరా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. ఔటర్ రింగ్ రోడ్డుపై కారు ప్రమాదంలో సీటు బెల్టు ఒత్తిడికి ఆయన ఛాతీ మధ్య ఎముక విరిగింది. ఒక రాత్రి మానిటర్ మీద ఉంచి, ఈసీజీ, రక్తపరీక్ష బాగున్నాయని మరునాడే డిశ్చార్జి చేశారు. గుండెకు అంత దగ్గరి ఎముక కాబట్టి ఐసీయూలోనే ఉంచాల్సిందని బంధువులు అంటున్నారు. తొందరపడి పంపేశారా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి తొందరపాటు కనిపించడం లేదు. పూర్వం ఈ ఎముక విరిగిందంటే గుండె కూడా కమిలి ఉంటుందన్న అనుమానంతో రోగులను రోజుల తరబడి పరిశీలనలో ఉంచేవారు. మీవాళ్ల భయానికి మూలం బహుశా అదే. అయితే ఎముక విరగడం ఒక్కటే గుండె గాయానికి గుర్తు కాదని, ఈసీజీతో పాటు గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కూడా మామూలుగా ఉంటే ఆ గాయం లేదనే భావించవచ్చని అమెరికాలోని ఈస్టర్న్ అసోసియేషన్ ఫర్ ది సర్జరీ ఆఫ్ ట్రామా అనే ప్రమాద గాయాల వైద్యుల సంఘం 2012 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈసీజీలో కొత్తగా తేడా కనబడితే మాత్రం చేర్చుకుని మానిటర్ మీద ఉంచాల్సిందే. బీపీ పడిపోతున్నా, లయ తప్పిన గుండె దారికి రాకపోయినా ఎకో (గుండె స్కాన్) కూడా తీస్తారు. పక్కటెముకలు, వెన్నెముక, ఊపిరితిత్తులకు దెబ్బ తగిలిందేమో చూడటానికి సీటీ స్కాన్ ఉపయోగపడుతుంది; అది తీశారో లేదో డిశ్చార్జి కాగితాల్లో చూడండి.

ఇక ఇంట్లో మీరు పట్టించుకోవలసింది నొప్పిని. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీసుకుంటూ, దగ్గు వచ్చినా అణచుకుంటే ఊపిరితిత్తుల్లో కఫం నిలిచి నిమ్ము చేరుతుంది. ఆ వయసులో అది ఎముక కంటే పెద్ద సమస్య. అందువల్ల మాత్రలను నొప్పి భరించలేనప్పుడే కాకుండా వైద్యులు చెప్పిన వేళలకే వేయండి. బీపీ, కిడ్నీ జబ్బు ఉంటే మందుల దుకాణంలో అడిగి తెచ్చిన నొప్పి మాత్రలు మాత్రం వద్దు. ఛాతీకి దిండు అదిమిపెట్టుకుని దగ్గమనండి. మూడు బంతుల ఊపిరి పరికరం ఇచ్చి ఉంటే మెలకువగా ఉన్నంతసేపూ గంట గంటకూ వాడించండి. ఛాతీకి గట్టిగా కట్టు కట్టే పాత పద్ధతి శ్వాసకు అడ్డమే.

విరిగిన ఎముక ముక్కలు పక్కకు జరగనప్పుడు ఆపరేషన్ అవసరం రాదు. సాధారణంగా 8 నుంచి 12 వారాల్లో అతుక్కుంటుంది. అంతవరకు బరువులెత్తడం, కారు నడపడం వైద్యుని అనుమతితోనే. ఆయాసం, గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం, జ్వరంతో దగ్గు, ఎముక కదులుతున్నట్లు చప్పుడు వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.