రాసి, బాణీ కట్టి, పాడితే వాగ్గేయకారిణేనా?

సందేహం: "సుదీర్ఘ విరామానంతరం నూతన ఆల్బంతో సీనియర్ జానపద పాప్ వాగ్గేయకారిణి పునరాగమనం" అని ఒక పత్రికలో చదివాను. వాగ్గేయకారులంటే అన్నమయ్య, త్యాగయ్య వంటివారు కదా? గిటారు పట్టుకుని తన పాట తాను పాడుకునే ఆవిడను అలా అనవచ్చునా? స్త్రీలింగంలో ఆ మాట ఉందా? (ఒక పాఠకురాలు)

సమాధానం: ఆ శీర్షికలో మీకు గుచ్చుకున్నది ఒక్క మాటే. నాకు ‘పునరాగమనం’ కూడా గుచ్చుకుంది. పూజ ముగించి దేవుణ్ణి సాగనంపేటప్పుడు ‘పునరాగమనాయ చ’ అంటాం. వెళ్ళి మళ్ళీ రమ్మని వేడుకోలు. గడపలోకి వచ్చిన మనిషిని చూసి ఆ మాట అంటే, వచ్చీ రాకముందే పంపేస్తున్నట్టుంటుంది. అర్థం ప్రకారం తప్పు కాదు, ఒప్పుకుంటాను. కానీ ‘మళ్ళీ వచ్చింది’ అంటే పత్రిక పరువు పోతుందా? ‘సీనియర్’ జోలికి పోను. ఓపిక లేదు.

ఇక అసలు మాట. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవరాజు సింఘణుని కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో దీనికి లక్షణం చెప్పాడు:

వాఙ్మాతురుచ్యతే గేయం ధాతురిత్యభిధీయతే
వాచం గేయం చ కురుతే యః స వాగ్గేయకారకః

వాక్కు అంటే మాతువు, పాటలోని మాట. గేయం అంటే ధాతువు, దాని స్వరరచన. రెండింటినీ చేసేవాడు వాగ్గేయకారుడు. ఇక్కడ ధాతువంటే వ్యాకరణంలోని ధాతువు కాదు. మాతువును మన పాత పాటల పుస్తకాల్లో కనిపించే ‘మట్టు’తోనూ కలపకండి. ‘ఫలానా పాట మట్టు’ అంటే దాని వరుస, అంటే బాణీ అని. మాతువు మాట, మట్టు బాణీ! వినడానికి అన్నదమ్ముల్లా ఉండి ఎదురెదురు గట్లమీద కూర్చున్నాయి.

ఈ లక్షణంలో భక్తి ఊసు లేదు, తంబురా లేదు, పంచె లేదు. వాగ్గేయకారుడనగానే విభూతో నామమో మన కళ్ళకు కట్టడం తరువాతి అలవాటు. ఉండవలసిన గుణాలను ఏకరువు పెడుతూ శార్ఙ్గదేవుడు ‘హృద్యశారీరశాలితా’ అన్నాడు. మనసుకు హత్తుకునే గొంతు కావాలని. ‘దేశీరాగేష్వభిజ్ఞత్వం’ అని కూడా అన్నాడు. దేశీ రాగాలు ఎరిగి ఉండాలని. గిటారును నిషేధించినట్టు నాకు కనబడలేదు.

ఆయన తరతమాలు కూడా పెట్టాడు. స్వరరచనలో గట్టివాడై మాటలో మందుడైతే మధ్యముడు. మాట ఎంత రమ్యంగా ఉన్నా ధాతువు మందమైతే అధముడు. కవులకు కోపం రావచ్చు గాని తీర్పు ఆయనది. ఇంకొకరి ధాతువుకు మాతువు కూర్చేవాడికి వేరే పేరే ఉంది: కుట్టికారుడు. తెలుగు చెవికి ఇది ఎవరో ఇచ్చిన కొలతలకు గుడ్డ కుట్టే మనిషిలా వినిపిస్తుంది. ఈ వ్యుత్పత్తి నా సరదా తప్ప శాస్త్రం కాదు. కానీ ట్యూను ముందు చేతికిచ్చి పాట రాయించుకునే సినిమావారి పద్ధతికి ఏడు వందల ఏళ్ళ కిందటే పేరు సిద్ధంగా ఉంటే, మనం ‘లిరిసిస్ట్’ అని అరువు తెచ్చుకున్నాం!

ఇప్పుడు మా అన్నమయ్య దగ్గరికి రాకుండా ఉండలేను. తిరుమల రాగిరేకుల మొదట్లో ఉన్న మాటలు చూడండి. శాలివాహన శకం 1346 క్రోధి సంవత్సరంలో, పదహారేళ్ళ ప్రాయంలో మొదలుపెట్టి, శకం 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు విన్నపం చేసిన సంకీర్తనలని ఉంటుంది. క్రీస్తు శకంలో 1424 నుంచి 1503. డెబ్బై ఎనిమిదేళ్ళు! ‘సుదీర్ఘ విరామం’ లేదు, ‘పునరాగమనం’ లేదు. ఎవరు పాడారు, ఎవరికి అంకితం, ఎప్పటినుంచి ఎప్పటివరకు, ఏ వర్గం పాటలు అన్నీ రేకు మొదట్లోని ఆ వాక్యంలోనే ఉన్నాయి. ఇవాళ ఆల్బం అట్టమీద వేసేదీ ఇదే కదా. రేకుకు మామూలుగా ఆరేసి పాటలు. గ్రామఫోను వచ్చాక మన పెద్దలు రికార్డును ‘ప్లేటు’ అన్నారు. రేకుకు దగ్గరి మాటే. ‘ఆల్బం’ మాత్రం లాటిన్‌లో ‘తెల్లనిది’, ప్రకటనలు రాసే తెల్లపలక. ఉండనివ్వండి.

అన్నమయ్య రేకుల్లో పాట తలమీద రాగం పేరు ఉంటుంది. బాణీ మాత్రం దాదాపుగా దొరకదు. ఈనాడు మనం వింటున్న వరుసలు చాలావరకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైనవారు 20వ శతాబ్దంలో కట్టినవి. అంటే మాతువు నిలిచింది, ధాతువు పోయింది. జానపదంలో జరిగేది సరిగ్గా తలకిందులు. బాణీ తరాలు దాటి వస్తుంది, మాట నోటినోటికీ మారిపోతుంది. పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, నివాళి పదాలు అని వరసపెట్టి పేర్లు చెప్పాడు. ఒక్కదానికీ కర్త పేరు చెప్పలేదు. చెప్పడానికి కర్త ఉంటే కదా. (జానపదమంటే ‘జనుల పదం’ అని విడగొట్టే ఉపన్యాసకులు కొందరున్నారు. జనపదం అంటే ప్రజలు నివసించే సీమ, దానికి చెందినది జానపదం. అందులో పాట లేదు.)

మీరు అడగని చిక్కు ఇక్కడే ఉంది. జానపద బాణీ తీసుకుని కొత్త మాట కూర్చినవారు వాగ్గేయకారులా, కుట్టికారులా? 2016లో అమెరికా పాటగాడు బాబ్ డిలన్‌కు సాహిత్యంలో నోబెల్ ఇచ్చినప్పుడు పాట సాహిత్యమా కాదా అని లోకం తగువులాడింది. ఆయన తొలినాళ్ళ పాటల్లో కొన్ని పాత జానపద బాణీల మీద కట్టినవే. శార్ఙ్గదేవుణ్ణి అడిగితే, మీరు మాతువుకు బహుమానమిచ్చారు, ధాతువు ఎవరిదో ముందు చెప్పండి అనేవాడేమో. మనవైపు గోరటి వెంకన్నగారిని ‘ప్రజా వాగ్గేయకారుడు’ అనడం స్థిరపడిపోయింది. ఆ ప్రయోగం నాకు ఇష్టమే. వాడుక శాస్త్రాన్ని కొంచెం పక్కకు జరిపింది, అంతే.

స్త్రీలింగం మాట: సంస్కృతంలో కుమ్మరి స్త్రీని అనే కుంభకారీ లాగా అయితే ‘వాగ్గేయకారి’, ‘ణిని’ అనే ప్రత్యయం తెచ్చుకుంటే ‘వాగ్గేయకారిణి’. రెండోది చెవికి అలవాటైంది, వాడుకోండి. నన్నడిగితే ‘పదకర్త’ అంటాను. అది ఆడవారికీ మగవారికీ చెల్లుతుంది.

కనుక ఆ పత్రిక రాసింది తప్పనలేను. పూర్తిగా ఒప్పనాలంటే ఆవిడ ఆల్బం అట్ట చూడాలి. పాటల పక్కన ‘బాణీ’ అన్నచోట ఆవిడ పేరుంటే నిక్షేపంగా వాగ్గేయకారిణి. ‘సంప్రదాయం’ అని ఉంటే మళ్ళీ ఒక ఉత్తరం రాయండి.