ఫ్యూజు పెట్టేది వైరు కోసం

ప్రశ్న: మా వ్యాన్‌ని క్యాంపర్‌గా మార్చుకుంటున్నాం. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 1000 వాట్ల ఇన్వర్టర్, చిన్న డీసీ ఫ్రిజ్, లైట్లు, ఇంజిన్ వైపు నుంచి ఛార్జింగ్‌కి 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ పెడుతున్నాం. బ్యాటరీలో 100 ఆంపియర్ల బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఉంది కదా, మళ్లీ ఫ్యూజులు ఎందుకు? ఇంటి వైరింగ్‌లో మిగిలిన 2.5 ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) వైరు, ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే ట్రిప్ అయ్యే స్విచ్‌లు) వాడొచ్చా?

జవాబు: ఫ్యూజులు కచ్చితంగా కావాలండీ. బీఎంఎస్ చూసుకునేది బ్యాటరీలోని సెల్స్‌ని, బయట మీరు లాగిన వైరు ఎంత సన్నదో దానికి తెలీదు. లైట్ల వైరు ఎక్కడో రేకు అంచుకి ఒరుసుకుని బండి బాడీకి తగిలిందనుకోండి, అందులో 60 ఆంపియర్లు పారుతున్నా బీఎంఎస్ లెక్కలో అది మామూలు లోడే, ఈలోగా ఆ వైరు తొడుగు కరిగి పక్కనున్న ప్లైవుడ్ అంటుకోవచ్చు. పైగా బీఎంఎస్‌లో స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్లు పాడైతే చాలాసార్లు ఆన్‌లోనే ఉండిపోతాయి.

కాబట్టి ముందు లోడు లెక్కేసి, దాన్నిబట్టి వైరు ఎంచుకుని, ఆ వైరు తట్టుకునేదాన్ని మించకుండా ఫ్యూజు పెట్టాలి. మీ ఇన్వర్టర్ పూర్తి లోడు మీద, 90 శాతం సామర్థ్యంతో అనుకుంటే, 93 ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి పావు వంతు కలిపితే 116, అంటే 125 ఆంపియర్ల ఫ్యూజు, 35 ఎంఎం రాగి కేబుల్, అదీ వీలైనంత పొట్టిగా. ఇక్కడ 2.5 ఎంఎం ఊసే వద్దు.

ఫ్రిజ్ సంగతి వేరు. 5 ఆంపియర్లకి 2.5 ఎంఎం వైరు వేడెక్కదు, కానీ వోల్టేజ్ పడిపోతుంది. ఫ్రిజ్ 6 మీటర్ల దూరంలో ఉంటే రానూ పోనూ 12 మీటర్లు, దాదాపు 0.4 వోల్టులు దారిలోనే పోతాయి. కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ, అప్పుడు బ్యాటరీలో ఛార్జ్ ఉన్నా ఫ్రిజ్ ఆగిపోయి మీకు టెన్షన్. 4 ఎంఎం వేయండి. ఏ వైరైనా సన్న పోగులు చాలా ఉన్న రాగి వైరే తీసుకోండి, బండి కుదుపులకి ఒంటి తీగ విరుగుతుంది. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న వైరు చవగ్గా దొరుకుతుంది, దాని జోలికి వెళ్లొద్దు.

ఇంటి ఎంసీబీ వద్దు. 50 హెర్ట్జ్ ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి కాంటాక్టుల మధ్య ఆర్క్ (గాల్లో దూకే నిప్పు మెరుపు) దానంతటదే ఆరుతుంది, డీసీలో ఆ అవకాశం లేదు. డీసీ రేటింగ్ రాసి ఉన్నదే కొనండి. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు ఒక్కసారిగా వస్తాయి, అంతటి కరెంటుని తెంచగలిగేది కావాలి కాబట్టి మెయిన్‌కి నేనైతే క్లాస్-టీ ఫ్యూజే పెడతాను, ఖరీదు ఎక్కువైనా సరే. దాన్ని బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరం లోపలే పెట్టండి, ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న ముక్కకి ఆ ఫ్యూజు రక్షణ ఉండదు.

చాలామంది మరిచిపోయేది డీసీ-డీసీ ఛార్జర్ దగ్గర. దానికి రెండు వైపులా బ్యాటరీలే, వైరు మధ్యలో తెగి బాడీకి తగిలితే కరెంటు ఏ వైపు నుంచైనా రావచ్చు, అందుకని ఇంజిన్ బ్యాటరీ దగ్గర ఒకటి, క్యాంపర్ లిథియం బ్యాటరీ దగ్గర ఒకటి, రెండు ఫ్యూజులు కావాలి.

బిగించేటప్పుడు కేబుల్ లగ్ (కేబుల్ చివరి లోహపు రింగు) నేరుగా టెర్మినల్‌కి ఆనాలి, వాషర్ దాని పైన రావాలి. స్టీల్ వాషర్ మధ్యలో పడితే కరెంటంతా దాని గుండానే పోవాల్సి వచ్చి అక్కడ కాలుతుంది. అన్నీ అయ్యాక ఇన్వర్టర్ మీద పెద్ద లోడు పావుగంట నడిపి, లోడు ఆపేసి, ప్రతి లగ్ పక్కన కేబుల్ తొడుగుని పట్టుకుని చూడండి, ఏదైనా ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే ముందు దాని బోల్టు చూడండి, అది గట్టిగానే ఉంటే ఆ క్రింప్ (లగ్‌ని కేబుల్‌కి నొక్కి బిగించిన చోటు) కోసేసి కొత్తది వేయండి.