యూరోపియన్ యూనియన్‌లో చేరితే దేశం లోపలి రాజకీయాలు ఎలా మారతాయి?

మాది కోనసీమ, కాలువ లెక్కలోనే చెబుతాను. దాళ్వాకి నీళ్లు ఎప్పుడు వదలాలో, ఎప్పుడు కట్టేయాలో మా ఊళ్లో తేలదు, పైన ధవళేశ్వరం దగ్గర తేలుతుంది. శివారు చేను ఎండితే తిట్లు తినేది మాత్రం ఊరి నీటి సంఘం ప్రెసిడెంటే.

సభ్యదేశాల నాయకుల పరిస్థితి చాలావరకు ఇదే. బడ్జెట్ లోటు జీడీపీలో 3 శాతం దాటకూడదన్నది ఉమ్మడి నియమం. యూరో వాడే దేశం వడ్డీ రేటు సొంతంగా పెట్టుకోలేదు. 2015 జులైలో రుణదాతల షరతులు వద్దని గ్రీస్‌లో 61 శాతం ఓటేశారు. పది రోజులైనా కాకముందే అక్కడి ప్రధాని సిప్రాస్ ప్రభుత్వం పొదుపు షరతులకే తలొగ్గింది. ఓటరుకి ఒళ్లు మండదా మరి?

అలా పాత కుడి-ఎడమ తగాదాకి తోడు యూనియన్ కావాలా, వద్దా అనే కొత్త తగువు మొదలైంది. బ్రిటన్‌లో వద్దనే యూకిప్ పార్టీ 2014 యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో మొదటి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది సొంత పార్లమెంటులో దక్కింది ఒక్క సీటే! అయినా దాని టెన్షన్ పెద్ద పార్టీలను వదల్లేదు. 2016 రిఫరెండంలో 51.9 శాతం బయటికే ఓటేశారు.

అన్నట్టు, "బ్రస్సెల్స్ (అంటే యూనియన్ కేంద్రం) ఒప్పుకోలేదండీ" అని ఇంటికొచ్చి చెప్పే మంత్రులే అక్కడి మంత్రుల మండలిలో కూర్చుని ఆ రూల్స్‌కి ఓటేస్తారు.